జూలో చనిపోయిన ఏనుగును కాల్చాలా, పూడ్చాలా, ఎముకలు దాచాలా?

మూసీతీరం:
2021 జూన్‌లో హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 83 ఏళ్ల రాణి అనే ఏనుగు కన్నుమూసింది. 1963లో ఆ జూ ఏర్పడినప్పుడు పబ్లిక్ గార్డెన్స్ నుంచి అక్కడికి చేరిన జంతువుల్లో అదొకటి. 2024 మార్చిలో 125 ఏళ్ల గాలపాగోస్ తాబేలు చాణక్య కూడా పోయింది. మూడు తరాలవాళ్లు చూస్తూ పెరిగిన ఇలాంటి జంతువుల ఎముకలనైనా భద్రపరచి, జూలోనే ఒక గదిలో నిలబెడితే తప్పేమిటన్నది నా ప్రశ్న. బెర్లిన్ జూలో 2011 మార్చి 19న చనిపోయిన క్నూట్ అనే ధ్రువపు ఎలుగుబంటి చర్మాన్ని బొమ్మకు తొడిగి, 2013లో అక్కడి ప్రకృతి శాస్త్ర మ్యూజియంలో ప్రదర్శించారు. లండన్ జూలోని గై అనే గొరిల్లా 1978లో మరణించినా మ్యూజియంలో జనానికి కనిపిస్తూనే వచ్చింది. మన చర్చ మాత్రం కాల్చాలా, పూడ్చాలా అన్న దగ్గరే ఆగిపోతోంది.

పశువైద్యుడు:
మూసీతీరం గారి ఆవేదన అర్థమవుతోంది గాని, ఆ ఎముకలు జూవి కావు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యమృగం బతికున్నా చచ్చినా ప్రభుత్వ ఆస్తి. జూల నియమాల ప్రకారం పులి, సింహం, చిరుత వంటి పెద్ద పిల్లుల కళేబరాలను డైరెక్టరు సమక్షంలో కాల్చివేయాలి. మిగతా జంతువులను జూ ఆవరణలోనే పూడ్చవచ్చు. ఈ తేడా ఎందుకో తెలియాలంటే పులిగోరు లాకెట్ల మీద మనవాళ్లకున్న మోజును గుర్తు తెచ్చుకుంటే చాలు. శవపరీక్ష అయ్యాక పులికి ఉండే 18 గోళ్లూ, కోరలూ ఉన్నాయో లేదో చూసుకుని మరీ చితి అంటించేది అందుకే. 2021 సెప్టెంబరు 22న అస్సాంలో 2,479 ఖడ్గమృగం కొమ్ములను బహిరంగంగా తగలబెట్టడం వెనుకా ఇదే తర్కం ఉంది: గోదాములో సరుకు ఉన్నంతకాలం దానికి ధర పలుకుతుందన్న ఆశ కూడా ఉంటుంది.

రోగాల సంగతి ఇంకా పెద్దది. గడ్డిమేసే పెద్ద జంతువు హఠాత్తుగా చనిపోయి, ముక్కు నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే మేము కత్తి పట్టం. ముందు చెవి దగ్గర ఒక్క చుక్క రక్తం తీసి మైక్రోస్కోపు కింద చూస్తాం. అది పల్లెల్లో దొమ్మ రోగమనే ఆంత్రాక్స్ అయితే, కళేబరాన్ని కోయగానే గాలి తగిలి సూక్ష్మజీవులు గట్టి పెంకులాంటి రూపం దాల్చి, మట్టిలో దశాబ్దాల తరబడి నిలిచి ఉంటాయి. మనుషుల దగ్గర పెరిగే ఏనుగులకు మనుషుల నుంచే క్షయ సోకుతుంది కాబట్టి వాటి ఊపిరితిత్తులు కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి. అస్థిపంజరం కావాలని అడగడం తేలిక. మూడు నాలుగు టన్నుల శరీరం నుంచి దాన్ని బయటికి తీయవలసినవాడి సంగతి కూడా ఆలోచించండి.

నల్లమల:
నాది వేరే సందేహం. 2014 ఫిబ్రవరి 9న డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్ జూ, 18 నెలల మారియస్ అనే ఆరోగ్యవంతమైన జిరాఫీని చంపి, పిల్లల ఎదుటే కోసి, మాంసంలో కొంత సింహాలకు వేసింది. చంపడాన్ని నేను సమర్థించను. కాని సహజంగా చనిపోయిన జింకను, నీలుగాయిని కాల్చి బూడిద చేసే బదులు, హైదరాబాదు జూలోనే ఉన్న రాబందుల సంతానోత్పత్తి కేంద్రానికి ఎందుకు పంపకూడదు? పీనుగును శుభ్రం చేయడమే వాటి పని కదా.

పశువైద్యుడు:
మన దేశంలో రాబందులు అంతరించేదాకా వెళ్లిందే అలాంటి పీనుగుల వల్ల. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలిపోయి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ 2023లో ఆ జాబితాలో చేరాయి. మెలోక్సికామ్ వంటివి రాబందులకు హాని చేయవన్నది నిజమే. కాని జూలో ముసలితనంతో పోయే జంతువు అప్పటికే నెలల తరబడి మందుల మీద ఉంటుంది. బాధ భరించలేకపోతున్న జంతువుకు మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇచ్చి ప్రాణం తీసి ఉంటే, ఆ మాంసమే విషం. మారియస్‌ను ఇంజెక్షనుతో కాక తుపాకీతో చంపింది కూడా మాంసం పనికిరావాలనే.

గాజుపలక:
ఎముకలు, మాంసం గురించే అందరూ మాట్లాడుతున్నారు. ప్రయోగశాలలో పనిచేసే నాకు అగ్గిపెట్టెంత కాలేయపు ముక్క ఆ రెండింటికన్నా విలువైనది. 1995లో వాషింగ్టన్ జాతీయ జూలో 16 నెలల కుమారి అనే ఏనుగుపిల్ల ఉన్నట్టుండి చనిపోయింది. దాని కణజాలాన్ని దాచి పరిశోధించడం వల్లనే, ఏనుగుపిల్లలను గంటల్లో బలితీసుకునే ప్రత్యేక హెర్పిస్ వైరస్ ఒకటుందని 1999లో లోకానికి తెలిసింది. అంతకుముందు కారణం తెలియకుండా పోయిన పిల్లల నమూనాలను మళ్లీ పరీక్షిస్తే అదే వైరస్ కనిపించింది. 2019లో ఒడిశా నందనకానన్‌లో నాలుగు ఏనుగుపిల్లలు వరుసగా చనిపోయినప్పుడు ఆ రోగానికి పేరు పెట్టగలిగారంటే ఆ పాత ముక్కల పుణ్యమే. మూసీతీరం గారు చెప్పిన క్నూట్ విషయంలోనూ అంతే: అది నీళ్లలో పడి ఎందుకు చనిపోయిందో, అంటే దాని మెదడును దాని రోగనిరోధక శక్తే దెబ్బతీసిందని, దాచిన మెదడు నమూనాల వల్ల 2015లో తేలింది. చర్మం మ్యూజియానికి వెళ్లకపోయినా ఆ సంగతి తెలిసేది. మెదడును కాల్చివేసి ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు.

హైదరాబాదులోని అత్తాపూర్‌లో, జీవకణాల మీద పరిశోధించే కేంద్రప్రభుత్వ సంస్థ సీసీఎంబీ వారిది, అంతరించిపోతున్న జంతువుల సంరక్షణకు పనిచేసే లాకోన్స్ ప్రయోగశాల ఉంది, అందులో జాతీయ వన్యప్రాణి జన్యు వనరుల బ్యాంకు ఉంది. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర కణాలను దాచే సౌకర్యం మన ఊళ్లోనే ఉండగా, చితి అంటించే ముందు నమూనా తీయడం ఐచ్ఛికంగా కాక విధిగా ఉండాలని నా వాదన.

మూసీతీరం:
పులుల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పులిగోరు సంగతి నాకు తట్టలేదు. ఏనుగు విషయంలో మాత్రం తీసుకోను. దంతాలను అటవీశాఖకు అప్పగించాక మిగిలిన ఎముకలకు దొంగబజారులో గిరాకీ ఎక్కడిది?

పశువైద్యుడు:
దంతాల బెడద లేని ఆడ ఏనుగైతే, అంటురోగం లేదని తేలితే, నాకూ అభ్యంతరం లేదు. అలాంటప్పుడు గుంతలో సున్నం పోయకూడదు, ఎముకలు పెళుసవుతాయి. పాదాలను ఇనుప వల సంచుల్లో విడివిడిగా కట్టి పూడ్చాలి, లేకపోతే చిన్న ఎముకలు మట్టిలో కలిసిపోతాయి. రెండు మూడేళ్లు ఆగి జేసీబీతో కాక చేతులతో తవ్వించాలి. ఈలోగా బదిలీ మీద వచ్చే కొత్త అధికారికి ఆ గుంత ఎక్కడుందో చెప్పే రిజిస్టరు ఒకటి ఉండాలి.