గెలిపించే సేనాపతికి అసలు ఏం ఉండాలి?

వేణు, విజయనగరం:
సైన్యంలో ఆఫీసర్ల పరీక్ష సీడీఎస్‌కి చదువుతున్నాను. సేనాపతికి ధైర్యం, వ్యూహం, క్రమశిక్షణ కావాలని ప్రతి గైడులోనూ రాసుంది. ఓడినవాళ్ళకి మాత్రం ఇవి లేవా? 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో మన సైన్యాన్ని అక్కడి మేఘనా నది దాటించిన జనరల్ సగత్ సింగ్ పేరు మా సార్ పదేపదే చెప్తారు. ఆయన వేరేగా చేసిందేంటి?

మాజీ సుబేదార్, తాడేపల్లిగూడెం:
బాబూ, ఇరవై ఆరేళ్ళు ఇంజనీర్ రెజిమెంట్‌లో వంతెనలు వేశాను. నది సైన్యాన్ని ఎలా ఆపేస్తుందో నాకు తెలుసు. మా నాన్న ఆ యుద్ధంలో సగత్ సింగ్ గారు నడిపిన నాలుగో కోర్‌లోనే (కోర్ అంటే కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) లారీ డ్రైవరు.

ఆయనకి పైనుంచి వచ్చిన పని మేఘనా దాకానే. ఢాకా అందులో లేదు. డిసెంబర్ 9న ఆశుగంజ్ దగ్గర రైలు వంతెనని పాకిస్తాన్ వాళ్ళు పేల్చేశారు. ఎదురుగా కిలోమీటరు వెడల్పున నీళ్ళు. వంతెన సామాను వచ్చేదాకా ఆగుంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన ఆగలేదు. అదే రోజు ఎంఐ-4 హెలికాప్టర్లలో 4 గార్డ్స్ అనే పటాలం జవాన్లని అవతల రాయపురాలో దింపించడం మొదలుపెట్టాడు. వైమానిక దళం నుంచి గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్ రాత్రిళ్ళు కూడా హెలికాప్టర్లు నడిపించాడు. దిగే చోట్లని సగత్ సింగ్ గారు మ్యాప్‌లో చూసి వదిలేయలేదు, స్వయంగా ఎగిరి వెతికాడు. అలా వెళ్ళినప్పుడు కింద నుంచి కాల్చితే పైలట్‌కి గాయమైంది.

నాన్న లారీ ఇవతలి ఒడ్డునే ఉండిపోయింది. ఊళ్ళోవాళ్ళు నాటు పడవలు తెచ్చి సామాను దాటించారని చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది.

కవిత, హైదరాబాద్:
సుబేదార్ గారూ, అప్పటికే ఢాకాలోని తేజ్‌గావ్ విమానాశ్రయం రన్‌వే మనవాళ్ళ బాంబులకి గుంతలైంది, అక్కడ పాకిస్తాన్ విమానాలు ఎగరడమే లేదు. ఏప్రిల్‌లోనే యుద్ధానికి దిగమంటే సైన్యాధిపతి మానెక్‌షా ఒప్పుకోకుండా, వానలు తగ్గి, చైనా దిగకుండా హిమాలయాల్లో మంచు పడేదాకా ఆగారు. గెలుపు అక్కడే సిద్ధమైంది కదండీ?

మాజీ సుబేదార్, తాడేపల్లిగూడెం:
నిజమేనమ్మా, ఆ ఆగడం లేకపోతే మేఘనా లేదు. ఆకాశం మనది కాకపోతే ఆ హెలికాప్టర్లు ఒక్కటీ మిగిలేవి కావు. కానీ ఆ ఆకాశం తూర్పున ఉన్న మన కోర్‌లన్నిటికీ ఒకటే. దాన్ని నది మీద దారిగా చూసింది ఈయన.

ఇది ఒక్క రోజు తెగింపు కూడా కాదు. 1965లో చైనా బెదిరించినప్పుడు సిక్కిం సరిహద్దులో జెలెప్ లా అనే కనుమ ఖాళీ అయింది. దాని పక్కనున్న నాథూ లా కనుమని మాత్రం ఈయన వదల్లేదు. 1967లో చైనా వాళ్ళతో కాల్పులు జరిగినప్పుడు ఆ కనుమ మన చేతిలో ఉందంటే అందుకే.

వేణు బాబూ, మ్యాప్ తీసి ఆశుగంజ్, రాయపురా, నర్సింగ్డి వరసగా వేలు పెట్టి చూడు. నర్సింగ్డి నుంచి ఢాకాకి యాభై కిలోమీటర్లే. డిసెంబర్ 16న ఆ ఢాకాలోనే పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు సంతకాలయ్యాయి.