గూని ఉన్న వృద్ధుల ఎత్తు ఎలా లెక్కగడుతున్నారు?

ఒకే ఇంట్లోని అయిదేళ్లలోపు పిల్లల్లోనూ, అరవై దాటినవారిలోనూ పోషకాహార లోపం కొలిచే సర్వే ఇది. పిల్లల దగ్గర పెద్ద పేచీ లేదు. 6 నుంచి 59 నెలల వారికి జబ్బ చుట్టుకొలత 11.5 సెం.మీ. కంటే తక్కువైతే తీవ్ర లోపం. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టే కొలవాలి, నిలబెట్టి కొలిచేస్తే 0.7 సెం.మీ. కలపాలి.

చిక్కంతా పెద్దవాళ్లతోనే. నడుం వంగినవారిని నిలబెట్టి కొలిస్తే ఎత్తు తగ్గి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చెప్పే సూచిక) పెరుగుతుంది. బక్కచిక్కిన అవ్వ కూడా కాగితం మీద నిక్షేపంగా ఉన్నట్టు తేలుతుంది! మోకాలి ఎత్తుతో లెక్కగట్టే చుమ్లియా సూత్రం (ఆడవారికి 84.88 − 0.24 × వయసు + 1.83 × మోకాలి ఎత్తు సెం.మీ.లో) ఉంది గానీ, అది అమెరికా వృద్ధుల కొలతలతో కట్టింది. పైగా వయసు కావాలి. ఆధార్‌లో ఉజ్జాయింపుగా వేసిన పుట్టినతేదీ పదేళ్లు తప్పితే ఎత్తు 2.4 సెం.మీ. మారిపోతుంది.

మన ప్రాంతపు వృద్ధుల మీద సరిచూసిన సూత్రం ఎవరైనా వాడారా? లేక వయసుతో పనిలేని సగం బార కొలతే (గొంతు కింది గుంట నుంచి మధ్యవేలు, ఉంగరపు వేళ్ల సందు దాకా) మేలా?

ఇంకోటి. ఎంఎన్‌ఏ (వృద్ధుల పోషణ స్థితిని అంచనా వేసే ప్రశ్నావళి) చిన్న ఫారంలో బీఎంఐ బదులు పిక్క చుట్టుకొలతకు 31 సెం.మీ. హద్దు పెట్టారు. సన్నటి ఒళ్లున్న మనవాళ్లకు అది ఎక్కువేమో. కాళ్ల వాపున్నవారిని ఈ కొలత నుంచి తప్పిస్తున్నారా, జబ్బ కొలుస్తున్నారా?