ఉపగ్రహాల గీతలు తుడిచే పోస్ట్‌డాక్: పరిశోధనా, పాచిపనా?

రాత్రి_కూలీ:
థీసిస్ ఇచ్చి రెండు నెలలైంది. చేతిలో రెండు పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు) ఉన్నాయి. ఒకటి ఆరేళ్లుగా నేను చేస్తున్న సూపర్‌నోవాల (పేలిపోయే నక్షత్రాల) మీదే, ఏడాదికోసారి పొడిగించే బాపతు. రెండోది మూడేళ్లు ఖాయం. పనేమిటంటే, ఆకాశ సర్వేల ఫొటోల్లో ఉపగ్రహాలు గీసిపోయే తెల్ల గీతల్ని పట్టుకోవడం, వాటివల్ల కొలతల్లో వచ్చే తప్పుల్ని తగ్గించడం. చిలీలో సెర్రో పచోన్ కొండ మీద రూబిన్ అబ్జర్వేటరీ ఉంది కదా, 8.4 మీటర్ల అద్దం, 3200 మెగాపిక్సెళ్ల కెమెరా. దాని ఒక్క ఫొటోలో సుమారు 45 నిండు చందమామలు పట్టేంత ఆకాశం వస్తుంది. అంత పెద్ద కన్ను తెరుచుకుని కూర్చుంటే ఎవడో ఒకడు అడ్డం పడకుండా ఉంటాడా?

మా గైడ్‌గారికి చెబితే "వాళ్లు పారేసిన చెత్త నువ్వెందుకు ఊడ్చడం?" అన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. నెట్ ఇవ్వడానికి కంపెనీలు ఉపగ్రహాలు ఎక్కిస్తే దాని ఖర్చు మన నిధుల్లోంచి, మన వయసులోంచి పోవడం ఏం న్యాయం? మనం సాఫ్ట్‌వేర్ రాసిచ్చేస్తే "ఇంకేం, తీరిపోయిందిగా" అని ఇంకో పదివేలు ఎక్కించరా? దీన్ని పరిశోధన అనాలా, పాచిపని అనాలా?

కక్ష్య_550:
ఉపగ్రహాల కంపెనీలోనే పనిచేస్తాను. ముందే చెప్పేస్తున్నా, తర్వాత తిట్టుకోకండి. గోరంతను కొండంత చేస్తున్నారు. 550 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహం నడినెత్తిన సెకనుకు ముప్పావు డిగ్రీ పైనే కదులుతుంది. ఒక్కో పిక్సెల్ మీద దాని వెలుగు పడేది మహా అయితే మిల్లీసెకను. అమెరికాలో పాలొమార్ కొండ మీది టెలిస్కోప్‌తో చేసే జ్వికీ ఆకాశ సర్వే లెక్క చూడండి. సంధ్యవేళ తీసిన ఫొటోల్లో గీతలున్నవి 2019 చివర్లో 0.5 శాతం, 2021 ఆగస్టుకు 18 శాతం. అందరూ ఆ 18 పట్టుకుని ఊగుతారు. ఒక గీత పాడుచేసేది ఫొటోలో 0.1 శాతం పిక్సెళ్లలోపేనని అదే పేపర్‌లో ఉంది, అది మాత్రం ఎవరూ చెప్పరు. ఒకే చోటును వందలసార్లు ఫొటో తీసినప్పుడు ఒక్కదాంట్లో వచ్చిన గీత సగటు కట్టేటప్పుడే ఎగిరిపోతుంది.

పైగా కంపెనీలేమీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. నెట్ ఇచ్చే స్టార్‌లింక్ 2020 జనవరిలో నల్లపూత పూసి ఒకటి పంపింది. ఆ ఏడాదే ఎండ పడకుండా చిన్న పందిరిలాంటిది పెట్టింది. అది ఉపగ్రహాలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే లేజర్లకు అడ్డొస్తోందని తీసేసి, ఎండను నేలమీదికి కాకుండా పక్కకు మళ్లించే అద్దం పొర అతికించింది.

పిల్లలకోడి:
సర్వే డేటాతోనే నా బతుకు. పిక్సెళ్ల శాతం చెప్పి తప్పించుకోవద్దు సార్. రూబిన్ కెమెరాలో గీత మరీ వెలుగ్గా ఉంటే పక్క ఛానెళ్లలో (కెమెరా చిప్‌ను ముక్కలుగా చదివే సర్క్యూట్లలో) దానికి సమాంతరంగా దయ్యపు గీతలు పుడతాయి. అసలు గీతను మాస్క్ చేస్తాం (ఆ పిక్సెళ్లను లెక్కలోంచి తీసేస్తాం), దాని దయ్యాల్ని ఎక్కడని వెతుకుతాం? ఏడో మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) కంటే మసగ్గా ఉంటే సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దుకోగలం అని ఖగోళవాళ్లు అడిగింది అందుకే. అంటే మామూలు కంటికి ఆనకుండా ఉంటే చాలన్నారు, మాయమైపొమ్మనలేదు.

అసలు తంటా గీతతో కాదు, మెరుపుతో. ఏదో తునక గిరికీలు కొడుతూ అర సెకను తళుక్కుమంటే అది గీతలా పడదు, చుక్కలా పడుతుంది. జీఎన్-జెడ్11 అనే అతి దూరపు గెలాక్సీ దగ్గర మెరుపు కనిపించిందని, బహుశా గామా కిరణాల విస్ఫోటనమని 2020 చివర్లో పేపర్ వచ్చింది. ఏడాది తిరక్కుండానే వేరే బృందం లెక్కకట్టి, అది ప్రోటాన్ రాకెట్ పై అంచె ముక్క అని తేల్చింది. ఆకాశంలో ఏదైనా మారిందంటే రూబిన్ అలర్టు పంపుతుంది, రాత్రికి కోటి దాకా పంపాలని లక్ష్యం. అందులో ఇలాంటివి ఎన్ని దూరతాయి?

మొన్న నాకే జరిగింది. తెల్లవారుజాము ఫొటో ఒకటి తెరిచాను. మా ప్రోగ్రామ్ ఓ పొట్టి గీతను "ఉపగ్రహం" అని మాస్క్ చేసి పెట్టింది. 30 పిక్సెళ్లుంటుందేమో. ఉపగ్రహం గీత ఫొటో ఈ అంచు నుంచి ఆ అంచుకు పోవాలి, ఇది మధ్యలో మొదలై మధ్యలోనే ఆగింది. చూస్తే భూమికి దగ్గరగా పోతున్న గ్రహశకలం. అదృష్టం, అది ముందే జాబితాలో ఉన్నదే. కొత్తదైతే మా చేత్తో మేమే చెరిపేసినట్టు. సూర్యుడికి దగ్గరగా తిరిగే శకలాల్ని వెతకాలంటే సంధ్యవేళే చూడాలి. ఉపగ్రహాలు ఎండలో మెరిసేదీ ఆ వేళే.

గుట్టెక్కిన_సిగ్నల్:
పాడేరు వైపు ఏజెన్సీలో టీచర్ని. మీ మాటలు సగం అర్థమయ్యాయి. మాకు పొద్దున హాజరు ఫొటో అప్‌లోడ్ కావాలంటే చింతచెట్టు దాటి గుట్టెక్కాలి. వానాకాలం జారి పడితే మోకాలు చిట్లుతుంది, హాజరు మాత్రం పడదు. మాకు చుక్కలు బోలెడు కనిపిస్తాయండీ, సిగ్నలే కనిపించదు. ఆ ఉపగ్రహాలు మా ఊరికి నెట్ ఇస్తామంటే ఆపమని నేను అనలేను.

ఇంకో మాట. మా అమ్మ నాలుగిళ్లలో పాచిపని చేసే నన్ను చదివించింది. ఆ మాటను తిట్టులా వాడకండి.

రాత్రి_కూలీ:
తప్పయింది మాస్టారూ. శీర్షిక మార్చే వీల్లేదు ఇక్కడ, లేకపోతే మార్చేవాణ్ని.

గొల్లకావడి:
నాది హైదరాబాద్, టెలిస్కోప్ పిచ్చి. ఉస్మానియావాళ్ల జాపాల-రంగాపూర్ అబ్జర్వేటరీ 48 అంగుళాల టెలిస్కోప్‌తో 1968లో మొదలైంది. ఊరికి దూరమని అక్కడ పెట్టారు. ఊరే దాని దగ్గరికి నడిచొచ్చింది. దీపాల నుంచైతే కొండలకో, ఎడారికో పారిపోవచ్చు. ఉపగ్రహాల నుంచి ఎక్కడికి పోతాం?

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. నెట్ ఇచ్చే ఇంకో కంపెనీ వన్‌వెబ్ ఉపగ్రహాలు 2022 అక్టోబరులో 36, 2023 మార్చిలో 36 మన శ్రీహరికోట నుంచే వెళ్లాయి. అవి 1200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి కాబట్టి వేసవిలో అర్ధరాత్రి కూడా వాటి మీద ఎండ పడుతుంది. 2025 డిసెంబరు 24న మన ఎల్‌వీఎం3 రాకెట్ మీద పోయిన బ్లూబర్డ్ ఉపగ్రహం యాంటెన్నా 223 చదరపు మీటర్లు. అదే కంపెనీ అంతకుముందు పంపిన 64 చదరపు మీటర్లదే ఒక దశలో ఆర్ద్ర నక్షత్రమంత వెలిగింది. ప్రయోగం రోజు టీవీ ముందు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచడమెందుకు.

అలల_లెక్క:
తమ్ముడూ, నాది రేడియో ఖగోళం, ఆకాశం నుంచి వచ్చే రేడియో అలల్ని వినే పని. మాకు గీతలుండవు, తుడవడానికేమీ ఉండదు. మా సంగతి పెళ్లి మైకు పక్కన స్టెతస్కోప్ పెట్టుకున్న డాక్టర్‌లా ఉంటుంది. 1998లో ఇరిడియం ఉపగ్రహ ఫోన్లు మొదలైనప్పటినుంచి, మేం వినే 1612 మెగాహెర్ట్జ్ దగ్గర వాటి గోల పడుతూనే ఉన్నాం.

నీ ప్రశ్నకు జవాబు లోఫార్ కథలో ఉంది. యూరప్‌లోని ఆ రేడియో టెలిస్కోప్‌తో 68 స్టార్‌లింక్‌లను గమనిస్తే 47 నుంచి 110-188 మెగాహెర్ట్జ్ మధ్య రొద వచ్చింది. అవి ప్రసారం చేయాల్సిన బ్యాండే కాదది. ఎలక్ట్రానిక్స్ లోంచి కారుతున్న రొద. 2023లో ప్రచురించారు. మరుసటి ఏడాది కొత్త తరం ఉపగ్రహాలు అంతకు 32 రెట్ల దాకా ఎక్కువ రొద చేస్తున్నాయని కొలిచి చూపించారు. ఆ కొలతలు లేకుండా, కంపెనీ "మా దగ్గరేం లేదు" అనేస్తే మన దగ్గర జవాబేది? నువ్వు చేయబోయేది ఊడ్చే పని కాదు, పంచనామా రాసే పని. పంచనామా లేకుండా ఏ కేసూ నిలవదు.

కక్ష్య_550:
కేసు అనే మాటెందుకండీ? అమెరికాలో రేడియో టెలిస్కోప్ ఎటు చూస్తోందో ఉపగ్రహానికి చెప్పి, ఆ వైపు కిరణం పంపకుండా చూసే ఏర్పాటు ఇద్దరూ కూర్చునే చేశారు.

అలల_లెక్క:
చేశారు, కాదనను. కూర్చోబెట్టింది ఆ కొలతల్లాంటివే. ఏడో మాగ్నిట్యూడ్ ఇవాళ్టికీ సూచనే, ఎక్కడా శాసనం కాదు. తమ్ముడూ, చేరేముందు ఒక్కటి అడుగు: నీ కొలతల్ని ఎవరినీ అడక్కుండా ప్రచురించొచ్చా?

రాత్రి_కూలీ:
అక్కా, మీరన్నాక నిన్న అడిగాను. ఉపగ్రహాల కచ్చితమైన స్థానాలు ఒక కంపెనీ ఇస్తుందట, వాటితో రాసిన పేపర్ ముందు వాళ్లకు "చూపించాలి" అట.

పిల్లలకోడి:
స్థానాలు బయట కూడా దొరుకుతాయి, కాస్త తేడాతో. దానికోసం సంతకం పెట్టి ఇరుక్కోకు.

అలల_లెక్క:
చూపించడమంటే తెలియజేయడమా, అనుమతి తీసుకోవడమా? ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి? ఆ రెండూ రాతపూర్వకంగా తీసుకో. తెలియజేయడమే అయితే కళ్లు మూసుకుని చేరిపో. అనుమతి అంటే సూపర్‌నోవాలకే పో, ఏడాదికోసారి పొడిగించినా సరే.

రాత్రి_కూలీ:
మెయిల్ పెట్టాను. మా గైడ్‌గారినీ కాపీలో పెట్టాను. జవాబు రాగానే ఇక్కడే చెబుతా.