‘తగ్గించుకొనెను’లో ఆ ‘కొను’ గురించి

మొన్న ఆదివారం ఒంగోలులో మా చర్చిలో బైబిల్లోని ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయం చదివారు. 8వ వచనంలో యేసు గురించి ‘తన్నుతాను తగ్గించుకొనెను’ అన్నచోట నా మనసు ఆగిపోయింది. మన మాటల్లో తగ్గడమంటే ఓడిపోవడమే. ‘వాడి ముందు నేనెందుకు తగ్గాలి’ అంటాం. ‘కాస్త తగ్గి మాట్లాడు’ అని బెదిరిస్తాం. అదే మాట ఇక్కడ ఇంత గొప్పగా ఎట్లా వినపడుతోంది?

నాకు తోచింది చెబుతాను. అంతా ఆ ‘కొను’లో, అంటే తనకు తానే చేసుకోవడంలో ఉంది. మా నాయనమ్మది గుండ్లకమ్మ పక్కన పల్లె. వాళ్ల తాత, ఆసామి ఎదురుపడితే చెప్పులు చేతబట్టుకొని, భుజం మీది తువాలు తీసి నడుముకు చుట్టుకొని నిలబడేవాడట. అది తగ్గించబడడం. దాన్ని వినయం అని ఎవరూ పిలవొద్దు, భయం అనండి. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన అదే గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. వాళ్లకు తగ్గడం కొత్తేం కాదు. పైనున్నవాడు ఎవరూ చెప్పకుండా తనంతట తానే దిగిరావడం కొత్త. యోహాను సువార్త 13లో యేసు భోజనం మధ్యలో లేచి, శిష్యుల పాదాలు కడగడానికి నడుముకు కట్టుకున్నది కూడా తువాలే.

ఇది చదివి కావలి నుంచి ఒకరు: అక్కా, ‘దీనమనస్సు’ మాటేమిటి? సండేస్కూల్లో దానర్థం అడిగితే ఒక పాప తల వంచి ఏడుపు మొహం పెట్టింది. ‘దీనంగా చూశాడు’ అనే వాడుక వల్లేనేమో.

నేను: అవును తమ్ముడూ, ఆ మాటకు మనకు జాలి అంటుకుపోయింది. కానీ 1 పేతురు 5:5 చూడు, దాన్ని వస్త్రంలా ధరించుకోమన్నాడు. గ్రీకులో ఆ క్రియకు ముడివేసి కట్టుకోవడం అనే అర్థం ఉంది. రాసింది యేసు శిష్యుడు పేతురు. ‘నా పాదాలు కడగనివ్వను’ అని, ఆ తువాలును దగ్గర్నుంచి చూసినవాడు. పాపకు ఏడుపు మొహం బదులు ఒక తుండు ఇచ్చి నడుముకు కట్టుకోమను.

కందుకూరు నుంచి ఒక పెద్దాయన: అమ్మా, ‘వినయం’ చాలదా? అదే అధ్యాయం 3వ వచనంలో ‘వినయమైన మనస్సు’ అనే ఉంది కదా.

నేను: ఉందండీ. అక్కడ బరువంతా ‘మనస్సు’ మీద ఉందని నా నమ్మకం. చేతులు జోడించి వినయంగా నవ్వుతూనే లోపల రగిలిపోవచ్చు. పోయిన క్రిస్మస్‌కి నేను చేసింది అదే. అందరినీ స్టేజీ మీదికి పిలిచి నన్ను మరిచిపోయారు. ప్రేమవిందులో, అంటే చర్చిలో అందరం కలిసి తినే భోజనంలో, పైకి నవ్వుతూ కూర్చున్నాను, ముద్ద దిగలేదు. సగం అన్నం అట్లాగే వదిలేసి లేవబోతుంటే, రిటైరైన హెడ్మాస్టరు గారు, నాకు చదువు చెప్పినాయన, తువాలు నడుముకు బిగించి ఎంగిలి విస్తళ్లు ఎత్తుకుంటూ నా దగ్గరికొచ్చారు. నేను సిగ్గుపడి విస్తరి వెనక్కి లాక్కున్నాను. ఆయన చెయ్యి చాపి, ‘ఇట్టా ఇయ్యమ్మా’ అన్నారు.