తారారువా కొండల్లో దారికి అడ్డొచ్చే పొద ఏది?

ప్రశ్న: న్యూజిలాండ్ ఉత్తర దీవిలోని తారారువా పర్వతాల్లో, అడవి ముగిసి పచ్చిక మొదలయ్యే ఎత్తున, తోలులా మందమైన, రంపపు అంచుల ఆకులున్న పొద దారి పొడవునా అల్లుకుని కనిపించింది. దాని పేరు తెలుపగలరా?

జవాబు: అది చామంతి కుటుంబానికి చెందిన ఒలియారియా కొలెన్సోయ్. మావోరీలో తూపారే, ఇంగ్లీషులో లెదర్‌వుడ్ అంటారు. ఆకును తిప్పి చూడండి, అడుగున లేత రంగు నూగు దట్టంగా పట్టి ఉంటుంది.

ప్రశ్నించినవారు: నూగు ఉన్న మాట నిజమే. కానీ పూలకు రేకులే కనిపించలేదు. ఇది చామంతి కుటుంబమంటే ఎలా నమ్మాలి?

మరో జవాబు: చామంతిలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఎన్నో చిన్న పూల గుత్తి, రేకుల్లా కనిపించేవి అంచున ఉన్న పూలు. ఈ పొదలో ఆ అంచు పూలు ప్రస్ఫుటంగా ఉండవు కనుక ముదురు ఎరుపు బొత్తాల్లాంటి తలలే కంటికి కనిపిస్తాయి. అన్నట్టు, కొమ్మలు మహా మొండివి. దూరి వెళ్లడం కన్నా చుట్టు తిరిగి వెళ్లడమే మేలు.