పచ్చబడ్డ బంగాళాదుంపలు, ఉమ్మెత్త, కామంచి: మీ వైపు ఏం చేస్తారు?

పర్లాకిమిడి_కోడలు
బెంగాల్ లారీలు మళ్లీ ఆగిపోతాయని బజార్లో ఎవరో అన్నారట, మా మావగారు ఒకేసారి బస్తా బంగాళాదుంపలు దింపించీసారు. 2024లో అవి ఆగి దుంపల రేటు పెరగడం చూసినప్పటి నుంచి ఆయనకి ఆ బెంగ పోలేదు. వరండాలో పోసి ఉంచాం. ఇప్పుడు చాలావాటికి పచ్చరంగు తిరిగింది, కొన్నిటికి మొలకలొచ్చాయి. "పచ్చగా ఉన్నంత మేర చెక్కీసి వండీ, ఏటవదు" అంటున్నారు అత్తగారు. పిల్లలకి పెట్టొచ్చా?

గుణుపూర్_కూరల_కొట్టు
వరండాలో పోస్తే పచ్చబడక ఏమవుతాయమ్మా? మేం కొట్టులో దుంపల మీద గోనెపట్టా తీయం. బేరానికొచ్చినవాళ్లకి నాలుగు చూపించి మళ్లీ కప్పీడమే. అడుగు బస్తా బాగానే ఉంటుంది, వెలుతురు తగిలిన పై వరసే పాడవుతుంది.

బరంపురం_ఫార్మసీ
ఆ పచ్చరంగు ఆకుల్లో ఉండే పత్రహరితమే, దాంతో భయం లేదు. కానీ ఏ వెలుతురు వల్ల ఆ రంగు వస్తుందో, దానివల్లే తొక్కలో సొలనిన్, చాకొనిన్ అనే విషపదార్థాలు కూడా పెరుగుతాయి. పురుగులు తినెయ్యకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు అది. కిలో దుంపలో రెండూ కలిపి 200 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మామూలు దుంపలో అందులో సగం కూడా ఉండదు. ఎక్కువ భాగం తొక్కలోనూ, దాని కిందనే ఉన్న పొరలోనూ, మొలకలొచ్చే కళ్ల దగ్గరా ఉంటుంది. మొలకలో మరీ ఎక్కువ. ఉడకబెడితే పోతుందనుకోకండి, పోదు.

చిన్న మచ్చయితే లోతుగా చెక్కి వాడండి. దుంపంతా పచ్చబడితే, మెత్తబడి మొలకలొస్తే పారేయండి. వండాక చేదు తగిలినా, గొంతులో మంట అనిపించినా అక్కడితో ఆపేయాలి. వాంతులూ విరేచనాలూ వెంటనే రావు, కొన్ని గంటలకి మొదలవుతాయి. దాంతో నింద పాపం రాత్రి తిన్న పెరుగు మీదికి పోతుంది.

జయపూర్_టీచర్
హాస్టళ్ల వాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. 1969లో లండన్‌లో ఒక స్కూల్లో 78 మంది మగపిల్లలకి ఇలాగే అయింది. సెలవులకి ముందు మిగిలిపోయిన బస్తా దుంపలు స్కూలు తెరిచాక వండి పెట్టారు. 17 మందిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది, తర్వాత అందరూ కోలుకున్నారు. మా హాస్టల్లో సెలవులకి ముందే దుంపల బస్తా ఖాళీ చేయిస్తాను. వంటమనిషి గొణుగుతాడు, గొణగనీ.

రాయగడ_రైతు
దుంప వల్ల కడుపు పాడవుద్ది, ఉమ్మెత్త వల్ల బుర్రే పాడవుద్ది. మా చేను గట్టు మీద ఉంది, ముళ్లకాయ. ఒడియావాళ్లు దుదురా అంటారు, శివుడికి పూలు పెడతారు. కాయ పగిలితే గింజలు అచ్చం మిరప గింజల్లాగే ఉంటాయి. కళ్లంలో ఎండుమిరప కింద అవి కలిసినా పోల్చుకోలేం. అందుకే మిరప ఆరబోసే ముందు గట్టు మీద ఆ మొక్క లేకుండా పీకించీస్తాను.

ఇంకో సంగతి. మా తమ్ముడు పత్తికి మందు కొట్టి వచ్చి పడిపోయాడు. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, కళ్లలో నల్లపాప సూదిమొనంత. ఆసుపత్రిలో అట్రోపిన్ ఇంజెక్షన్లు వరసగా వేశారు. రెండో రోజుకి నోరు ఎండిపోయింది, పాపలు పెద్దవయ్యాయి, గాల్లో కనపడని దారమేదో చుడుతున్నట్టు చేతులు ఆడిస్తున్నాడు. మా అమ్మ దయ్యం పట్టిందని ఏడుపు. నర్సమ్మ వచ్చి, అది ఆ ఇంజెక్షన్ల ప్రభావమే, డోసు తగ్గిస్తే దిగుతుందని చెప్పింది. అలాగే దిగింది.

బరంపురం_ఫార్మసీ
బాబాయి చెప్పిందే అసలు విషయం. ఉమ్మెత్తలో ఉండేది కూడా అట్రోపినే, దాంతోపాటు స్కోపోలమిన్ అని అలాంటిదే ఇంకోటి. పురుగుమందు నరాల సంకేతాన్ని ఆగకుండా నడిపిస్తుంది, అట్రోపిన్ దాన్ని అడ్డుకుంటుంది. అందుకే అక్కడ అది ప్రాణం పోస్తుంది. ఏ విషమూ తగలని మనిషి ఉమ్మెత్త గింజలు తింటే మాత్రం చెమట పట్టదు, ఒళ్లు కాలిపోతుంది, మూత్రం రాదు, మాట తడబడి పిచ్చిపిచ్చిగా మాట్లాడతాడు. అలాంటివాళ్ల నోట్లో మజ్జిగో చింతపండు రసమో పొయ్యకండి. 108కి ఫోన్ చెయ్యండి, ఆ కాయో గింజలో దొరికితే కవర్లో వేసి వెంట తీసుకెళ్లండి.

పర్లాకిమిడి_కోడలు
అమ్మో! చవితికి పత్రి కొయ్యడానికి మా పిల్లలే పోతారు. అందులో ఉమ్మెత్త ఉంది కదా!

జయపూర్_టీచర్
ఉమ్మెత్తే కాదమ్మా, బృహతీపత్రం అని మనం పెట్టే వాకుడాకు కూడా ఆ కుటుంబమే. వంకాయ, టమాటా, మిరప, పొగాకు, బంగాళాదుంప అన్నీ చుట్టాలే. ఆకులు ముట్టుకుంటే ఏమీ కాదు, పూజయ్యాక చేతులు కడిగించండి చాలు. కళ్లు మాత్రం నలుపుకోనివ్వకండి, ఉమ్మెత్త రసం తగిలితే పాప పెద్దదై రోజుల తరబడి చూపు మసకగా ఉంటుంది.

మహేంద్రగిరి_నీడలో
కామంచి గురించి ఎవరూ అనలేదేం? చిన్నప్పుడు గుత్తులు గుత్తులు తిన్నాం. నల్లగా పండినవి మాత్రమే. పచ్చికాయలో సొలనిన్ ఉంటుంది, అది తిని మా ఊళ్లో ఒక గుంటడు రాత్రంతా కక్కుకున్నాడు. నెట్‌లో బెల్లడోనా అనే విషపు మొక్క ఫొటోలు చూసి కామంచిని పీకేసేవాళ్లున్నారు. అది వేరే మొక్క, కాశ్మీర్ లాంటి చలికొండల్లో పెరుగుతుంది. దాని పండు ఒంటిగా కాస్తుంది, కామంచి గుత్తులుగా కాస్తుంది.

రాయగడ_రైతు
పొగాకు సంగతి కూడా. మంచుకి తడిసిన ఆకు పొద్దున్నే కోస్తే తల తిరిగి వాంతులవుతాయి, చుట్ట ముట్టని ఆడవాళ్లకి కూడా. నికోటిన్ తడితోపాటు చర్మంలోంచి ఎక్కీసుద్ది. ఆకు ఆరాక, నిండు చేతుల చొక్కా తొడుక్కుని కోయించండి.

గుణుపూర్_కూరల_కొట్టు
ఇదంతా సరే, వంకాయ, టమాటా తింటే కీళ్లు పట్టేస్తాయని వాట్సాప్‌లో తిరుగుతోంది. నా బేరం సగానికి పడిపోయింది. నిజమేనా?

బరంపురం_ఫార్మసీ
అందరూ మానెయ్యాలనడానికి గట్టి రుజువేమీ లేదు. టమాటా పచ్చికాయలో సొలనిన్ లాంటి టొమాటిన్ ఉంటుంది, పండేసరికి బాగా తగ్గిపోతుంది. ఎవరికైనా తిన్నప్పుడల్లా నొప్పి పెరుగుతుంటే కొన్నాళ్లు మానేసి చూసుకోవచ్చు, అది వేరే సంగతి. తమాషా ఏమిటంటే, కీళ్లనొప్పికి నేను అమ్మే ఒక క్రీములో ఉండేది మిరపకి ఘాటునిచ్చే కాప్సైసినే.

గుణుపూర్_కూరల_కొట్టు
మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. "ఆయన డాక్టరా, మందుల షాపు ఆయనా?" అంది. కొట్టులో రెండు బుట్టల వంకాయలున్నాయి, ఇంట్లో ఈ పూట కూడా బీరకాయే.