కారు కీ పోతే షోరూంకే వెళ్లాలా? బయట ప్రోగ్రామింగ్ చేయిస్తే నష్టమేంటి?

పాతబండి_హన్మకొండ:
జనవరి చివర్లో మేడారం జాతరకు వెళ్లాం. జంపన్న వాగులో స్నానాలు చేసి ఒడ్డుకొచ్చి చూసుకుంటే షార్ట్ జేబులో కారు కీ లేదు. నీళ్లలో పడిందో, బట్టలు మార్చుకునే దగ్గర జారిందో తెలియదు. ఆ జనంలో వెతకడం అయ్యే పని కాదు. రెండో కీ ఇంట్లో ఉంది కాబట్టి బతికిపోయాం. మా బామ్మర్ది బైక్ మీద వంద కిలోమీటర్ల పైనే ఆ ట్రాఫిక్‌లో తెచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. పిల్లలు అమ్మవార్ల బంగారం, అదే బెల్లం సంచి మీద తల పెట్టి కారు పక్కనే నిద్రపోయారు.

అసలు విషయానికొస్తా. బండి 2017 మోడల్, రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పోయింది రిమోట్ ఉన్న కీ. మిగిలింది మామూలుది, కానీ దానిలోనూ చిప్ ఉందట. షోరూంలో అడిగితే ఒక్క కీ ఇవ్వం, లాక్ సెట్ మొత్తం మార్చాలి, పద్నాలుగు వేలు, మూడు వారాలు అన్నారు. ఏ షోరూం, ఏ కంపెనీ అని అడగకండి, చెప్పను. చౌరస్తా దగ్గర తాళాలు చేసేటాయన మూడున్నర వేలు, అరగంట అన్నాడు. ఇంత తేడా ఎందుకు? మా ఇంట్లో దీని మీద రెండు పార్టీలయ్యాయి. నాన్నది షోరూం పార్టీ, బామ్మర్దిది చౌరస్తా పార్టీ.

కాజీపేట జంక్షన్:
నేను మీ నాన్నగారి పార్టీ. బండి కంప్యూటర్‌ను ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టి, అరగంట సేపు టీ కొట్టు దగ్గర నిలబడతారా? మీకు ఒక కీ చేసిస్తాడు సరే, తనకోసం ఇంకొకటి చేసుకోడని గ్యారంటీ ఏంటి? షోరూంలో బిల్లు ఉంటుంది, జాబ్ కార్డు ఉంటుంది, రేపు ఏదైనా అయితే అడగడానికి ఒక అడ్రస్ ఉంటుంది. పది వేలకు చూసుకుని లక్షల బండి పోగొట్టుకోవద్దు.

జనగామ డీజిల్:
అన్నా, షోరూంలో మాత్రం మీకు ముక్కూ మొహం తెలిసినవాళ్లు ఉన్నారా? లోపలికి రానివ్వరు, అద్దంలోంచి చూడమంటారు. చౌరస్తా మేస్త్రీ కనీసం మన కళ్ల ముందే చేస్తాడు.

మడికొండ మామ:
జంపన్న వాగులో దొరికిన కీ పట్టుకుని హన్మకొండలో ఏ బండిదో వెతుక్కుంటూ ఎవడొస్తాడు స్వామీ? ఆ కీ ఈపాటికి గోదావరిలో కలిసి ఉంటుంది. మూడున్నర వేలు పెట్టి హాయిగా ఉండు.

చాబీ మేస్త్రీ:
నేను ఈ పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. మొదట్లో సైకిల్ తాళాలు, బీరువా తాళాలు, ఇప్పుడు ఎక్కువగా కార్లే. నా గిరాకీ కోసం రాస్తున్నానని అనుకున్నా పర్వాలేదు.

కీ అంటే ఒక వస్తువు కాదు, మూడు. ఒకటి ఇనుప పట్టీ. అది తలుపు తీస్తుంది, స్టీరింగ్ లాక్ తిప్పుతుంది. రెండోది రిమోట్. ఇది మన దగ్గర ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, గుండీ బ్యాటరీతో నడుస్తుంది. తలుపుల లాక్ వరకే దాని పని, ఇంజిన్‌తో సంబంధం లేదు. మూడోది చిప్, ట్రాన్స్‌పాండర్ అనేది దీన్నే. దీనికి బ్యాటరీ ఉండదు. కీ పెట్టే రంధ్రం చుట్టూ ఒక రాగితీగ చుట్ట ఉంటుంది. కీ తిప్పగానే అది సుమారు 125 కిలోహెర్ట్జ్ తరంగం వదులుతుంది, ఆ తరంగం నుంచే చిప్ తనకు కావలసిన కరెంటు లాక్కుని జవాబిస్తుంది. పాత చిప్‌లు ఒకే నంబర్ చెప్పి ఊరుకునేవి. తర్వాతి వాటిలో బండి ప్రతిసారీ కొత్త ప్రశ్న వేస్తుంది, రహస్య లెక్క తెలిసిన చిప్ మాత్రమే సరైన జవాబు ఇవ్వగలదు. జవాబు తప్పితే కొన్ని బండ్లలో స్టార్టరే తిరగదు, కొన్నిటిలో ఇంజిన్ అందుకున్నట్టే అందుకుని ఆగిపోతుంది. మీటర్ బోర్డు మీద కీ బొమ్మో, బండి మీద తాళం బొమ్మో మినుకుమినుకుమంటుంది.

మొన్న ఒక తమ్ముడు వచ్చాడు. ఆన్‌లైన్‌లో ఫ్లిప్ కీ షెల్ తెప్పించుకున్నాడు, యూట్యూబ్ చూసి రిమోట్ బోర్డు కొత్త షెల్‌లోకి మార్చాడు, పాత షెల్ చెత్తబుట్టలో పడేశాడు. తలుపులు తీసుకుంటున్నాయి, బండి మాత్రం స్టార్ట్ కావట్లేదు. బ్యాటరీ మార్పించాడు, స్పార్క్ ప్లగ్గులు మార్పించాడు. నేను కీ విప్పి చూస్తే చిప్ లేదు! పాత షెల్ మూలలో, చింతగింజలో సగం ఉండే నల్లటి ముక్క, చిన్న గుంటలో కూర్చుని ఉంటుంది. చూస్తే ప్లాస్టిక్ ముక్క అనుకుంటాం. ఇంటికి పరుగెత్తాడు, వాళ్లమ్మ ఇంకా చెత్తబండికి వేయలేదు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు రేటు సంగతి. బయట రెండు రకాలుగా చేస్తాం. ఒకటి కాపీ. మీ దగ్గరున్న కీలోని చిప్‌ను చదివి, అచ్చు అలాంటిదే ఇంకొకటి రాస్తాం. బండికి కొత్త కీ వచ్చిందని కూడా తెలియదు, పాతదే అనుకుంటుంది. రెండోది ప్రోగ్రామింగ్. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు, అంటే బండి కంప్యూటర్‌తో మాట్లాడే ప్లగ్గుకు, మెషీన్ పెట్టి, కొత్త చిప్‌ను బండి జాబితాలోకి ఎక్కిస్తాం. ఒక్క కీ అయినా చేతిలో ఉంటే ఇది తేలిక. అన్నీ పోతే మాత్రం బండి పిన్ కోడ్, అంటే కంపెనీ పెట్టిన రహస్య నంబర్, కావాలి, లేదా కంట్రోల్ బాక్స్ విప్పి లోపలి మెమొరీ చిప్ చదవాలి. మధ్యలో బండి బ్యాటరీ డౌన్ అయితే బాక్సే పోవచ్చు. అందుకే అలాంటి పనికి నేను ఎక్కువ తీసుకుంటాను, చార్జర్ తగిలించకుండా మొదలుపెట్టను.

మూడున్నర వేలకు అరగంటలో అన్నాడంటే ఏది చేస్తాడో ముందు అడగండి. కాపీ అయితే పోయిన కీ బండి జాబితాలో అలాగే బతికి ఉంటుంది. మడికొండ మామా, నీ మాట నిజమే కావచ్చు. పాతబండి అన్నా, ఒక్కటి చెప్పు. పోయిన కీకి గొలుసు ఎలాంటిది?

పాతబండి_హన్మకొండ:
ఇత్తడి బిళ్ల. భద్రకాళి గుడి దగ్గర చేయించాను. ఒకవైపు అమ్మవారు, రెండోవైపు బండి నంబర్. 😬

మడికొండ మామ:
నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

కాజీపేట జంక్షన్:
చూశారా! టీఎస్ 03 అని కీ మీదే రాసి పెట్టారు. ఇగ దొంగకు వెతుక్కునే పనేముంది? మేస్త్రీ గారూ, వివరంగా చెప్పారు, థాంక్స్. కానీ మీరు ఆధార్, ఆర్సీ చూడకుండా పని చేయరని నాకెలా తెలుస్తుంది? పోయిన ఏడాది మా ఆఫీసు పక్కన ఒకాయన నా స్నేహితుడి బండికి కీ చేశాడు, ఒక్క కాగితం అడగలేదు. నా అభ్యంతరం మీ మీద కాదు, అడగనివాళ్ల మీద. ఇద్దరి దగ్గరా ఉండేది ఒకే మెషీన్ కదా.

చాబీ మేస్త్రీ:
అడగనివాళ్లు ఉన్నారు, కాదనను. నేను ఆర్సీ జిరాక్స్, ఓనర్ ఐడీ జిరాక్స్ తీసుకుని రిజిస్టర్‌లో సంతకం పెట్టిస్తాను. ఓనర్ ఎదురుగా లేకపోతే బండి ముట్టుకోను. దీనివల్ల నెలకు ఇద్దరు ముగ్గురు తిట్టి వెళ్లిపోతారు.

ఓబీడీ పిచ్చోడు:
నిట్‌లో చదువుతున్నా, ఇది నాకు ఇష్టమైన టాపిక్. కాజీపేట అన్నా, షోరూం చేతిలో ఉంటేనే భద్రం అనే వాదన కంపెనీలకు లాభం, భద్రతకు కాదు. రహస్యంగా దాచిన కోడ్‌లు ఎన్నో విరిగాయి. 2005లోనే జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌ను పగలగొట్టారు, అందులో తాళం పొడవు 40 బిట్లే. మెగమోస్ అనే ఇంకో చిప్‌లో లోపాలు కనిపెట్టినవాళ్ల పేపర్‌ను 2013లో ఫోక్స్‌వ్యాగన్ లండన్ కోర్టుకెళ్లి ఆపించింది. అది 2015లో గానీ బయటికి రాలేదు. ఆ రెండేళ్లూ ఆ చిప్ ఉన్న బండ్ల ఓనర్లకు ఏం చెప్పారు?

ఇంకోటి. మన దగ్గరే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, డయాగ్నోస్టిక్ టూల్స్ బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్నదే అందులో ప్రధాన ఆరోపణ. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ. అమెరికాలో అయితే తాళాల పనివాళ్లు రిజిస్టర్ చేసుకుంటే కీ కోడ్‌లు అధికారికంగా తీసుకునే పద్ధతి ఉంది. ఎవరు, ఏ బండికి తీసుకున్నారో రికార్డు ఉంటుంది. మేస్త్రీ గారు చేత్తో రాసుకునే రిజిస్టర్ అక్కడ వ్యవస్థలోనే ఉందన్నమాట. ఇక్కడ ఆ దారి లేదు కాబట్టే మంచివాడూ చెడ్డవాడూ ఇద్దరూ చైనా మెషీన్ మీదే ఆధారపడుతున్నారు.

కాజీపేట జంక్షన్:
తమ్మీ, నువ్వు చెప్పింది ఎలా ఉండాలి అన్నది. నేను చెప్పేది ఇవాళ ఎలా ఉంది అన్నది. ఆ పద్ధతి ఇక్కడికి వచ్చిన రోజు నేనే మొదట బయటికి వెళ్తా. అప్పటిదాకా పద్నాలుగు వేలే. ఇమ్మొబిలైజర్, అంటే సరైన చిప్ లేకపోతే ఇంజిన్‌ను ఆపేసే ఏర్పాటు, దండగ అని మాత్రం అనకు. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి చేశారు. అమెరికాలో చేయలేదు, అక్కడ 2021 దాకా అమ్మిన కొన్ని కియా, హ్యుండాయ్ మోడళ్లలో అది లేకపోవడంతో పిల్లలు యూఎస్‌బీ కేబుల్ కొనతో స్టార్ట్ చేసి ఎత్తుకెళ్లారు.

ఓబీడీ పిచ్చోడు:
దండగ అని ఎక్కడన్నాను? ఉండాలి. దాని తాళం ఓనర్ చేతిలో ఉండాలి అంటున్నా. పైగా పుష్ బటన్ బండ్లు వచ్చాక షోరూం కీ అయినా ఒకటే. ఇంట్లో గోడకు తగిలించిన కీ సిగ్నల్‌ను ఒకడు తలుపు దగ్గర అందుకుని, రెండోవాడు కారు దగ్గర వదులుతాడు. కీ కదలదు, కారు పోతుంది. ఏ లాక్ సెట్ మార్చినా దీన్ని ఆపలేరు. కీని రేకు డబ్బాలో పెడితే ఆగుతుంది. మా అమ్మ బిస్కెట్ డబ్బాలో పెడుతుంది.

పాలసీ అక్క:
ఇన్సూరెన్స్ సైడ్ ఎవరూ మాట్లాడలేదు. బండి దొంగతనం క్లెయిమ్ వేస్తే కంపెనీ మొదట అడిగేది ఎఫ్ఐఆర్, తర్వాత కీలు. రెండూ ఇవ్వమంటారు. ఒకటే ఇస్తే రెండోది ఏమైందన్న ప్రశ్న వస్తుంది, బండిలోనే వదిలేశారేమో అన్న అనుమానం వస్తుంది. కీ పోయిన రోజే పోలీసులకు కంప్లైంట్ ఇచ్చి కాపీ దాచుకుని ఉంటే దానికి జవాబు మీ చేతిలో ఉంటుంది. పాతబండి తమ్ముడూ, ఇచ్చావా? ఇంకా ఇవ్వకపోతే రేపే ఇవ్వు. పాలసీలో కీ రీప్లేస్‌మెంట్ కవర్ తీసుకున్నావేమో కూడా చూడు. ఉంటే షోరూం పద్నాలుగు వేలల్లో చాలావరకు వాళ్లే ఇస్తారు, నువ్వు ఇంత తలనొప్పి పడాల్సిన పనే లేదు. బయట చేయిస్తే బిల్లు తీసుకో. బిల్లు లేని కీ గురించి సర్వేయర్‌కు చెప్పుకోవడం కష్టం.

జనగామ డీజిల్:
అక్కా, బయట బిల్లు అడిగితే జీఎస్టీ కలుపుతా అంటారు 😄

పాతబండి_హన్మకొండ:
కంప్లైంట్ ఇచ్చాను అక్కా. కవర్ లేదు, కట్టేటప్పుడు నాలుగు వందలు ఎందుకు దండగ అని తీయించేశాను.

మేస్త్రీ గారూ, అయితే నేను అడగాల్సింది కాపీ కాదు, పాత కీని తీసేసి కొత్తది ఎక్కించమని, అంతేనా?

చాబీ మేస్త్రీ:
అంతే. చాలా బండ్లలో పాతవన్నీ చెరిపి, మన దగ్గరున్న కీలను మళ్లీ ఒక్కొక్కటిగా చూపించాలి. కాబట్టి రెండో కీ తప్పకుండా తీసుకెళ్లు, ఇంట్లో మరిచిపోతే అదీ పనిచేయదు. చెరిపాక పోయిన కీతో ఇంజిన్ స్టార్ట్ కాదు. తలుపు మాత్రం తీసుకుంటుంది, ఇనుప పట్టీ మారదు కదా. అది కూడా వద్దనుకుంటే డ్రైవర్ వైపు తలుపు తాళం ఒక్కటి మార్పించు. షోరూం వాళ్లు సెట్ మొత్తం అనడంలో ఆ న్యాయం ఉంది, వాళ్లదీ పూర్తిగా తప్పు కాదు. లోపల లాప్‌టాప్ పెట్టుకునే అలవాటు ఉంటే మార్పించు, లేకపోతే నీ ఇష్టం.

కాజీపేట జంక్షన్:
ఈ ఒక్క మాట మా షోరూం వాళ్లు కూడా ఇంత స్పష్టంగా చెప్పలేదు. ఒప్పుకుంటున్నా. అయినా నేను షోరూంకే వెళ్తా.

పాతబండి_హన్మకొండ:
అప్‌డేట్. నిన్న చేయించాను. చౌరస్తా ఆయన దగ్గరికే వెళ్లాను, కాపీ వద్దు, చెరిపి ఎక్కించు అంటే ఐదు వేలు అన్నాడు. ఆర్సీ అడగలేదు. నేనే చూపించి, ఫొటో తీసుకోండి అన్నాను, కాస్త వింతగా చూశాడు. బిల్లు రాయించుకున్నాను.

అసలు సంగతి ఇది. మెషీన్ పెట్టగానే స్క్రీన్ మీద ఇప్పుడు ఎన్ని కీలు ఎక్కి ఉన్నాయో వచ్చింది. మూడు అని చూపించింది. నాకు బండి అమ్మినాయన ఇచ్చింది రెండే. ఒకటి వాగులో, ఒకటి నా చేతిలో. మూడోది ఎక్కడిది? అక్కడి నుంచే ఆయనకు ఫోన్ చేశాను. కాసేపు ఆలోచించి, "అవును, డ్రైవర్ కోసం ఒకటి చేయించాం. అతను మానేసి మూడేళ్లయింది, తిరిగి ఇచ్చాడో లేదో గుర్తు లేదు" అన్నాడు.

రెండేళ్లుగా ఆ బండిని రాత్రిపూట వీధిలోనే పెడుతున్నాను.

మడికొండ మామ:
మాదీ సెకండ్ హ్యాండే. మేస్త్రీ, మీ దుకాణం ఆదివారం తీస్తారా?